యంత్రశిల్పి యూజెన్ డ్యుక్రెటే

ప్రయోగశాలలో ఉపాధ్యాయుడు బల్లపై నొక పరికరమునుంచి మీట నొక్కగా, రెండు ఇత్తడి గుండ్ల నడుమ నిప్పురవ్వ పుట్టును. మీరు ఆశ్చర్యముతో చూతురు. అందలి సూత్రమును పుస్తకమున వ్రాసికొందురు. ఆ సూత్రమును కనుగొనిన పండితుని పేరును పరీక్షకొరకు కంఠస్థము చేయుదురు. కాని ఆ గుండ్లను నునుపుచేసినవాడెవడు, ఆ సన్నని తీగను వేలకొలది చుట్లు చుట్టినవాడెవడు అని అడిగిన విద్యార్థి, ఇరువదేండ్లకు మించిన నా యుపాధ్యాయవృత్తిలో నాకు కనబడలేదు. నేను చదువుకొను దినములలో నేనును అడుగలేదు. అట్లు ఎవ్వరును అడుగని పనివారిలో నొకడు యూజెన్ డ్యుక్రెటే. ఫ్రాన్సుదేశమున రేడియోకు పునాదులు వేసినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన చరిత్రమును మీకు తెలుపుటయే నా యుద్దేశము.

డ్యుక్రెటే 1844వ సంవత్సరమున పారిస్ నగరమున జన్మించెను. ఆ దేశమున ఇంజనీర్లను తయారుచేయు గొప్ప కళాశాలలు అప్పటికే యుండెను. ఆయన చదువు మాత్రము అట్టి కళాశాలలలో సాగలేదు; కర్మశాలలోనే సాగెను. మీలో తొమ్మిదవ తరగతి, పదవ తరగతి చదువువారి యీడుననే ఆయన గుస్తావ్ ఫ్రోమాన్ అను పరికరనిర్మాత యొద్ద పనినేర్చుకొనుటకు చేరెను. ఫ్రోమాన్ సామాన్యుడు కాడు. విద్యుత్తుచే తిరుగు యంత్రములను తొలిదినములలో నిర్మించినవారిలో నొకడు. భూమి తనచుట్టు తాను తిరుగుచున్నదని ఋజువుచేయుటకై ఫూకో అను శాస్త్రజ్ఞుడు ఉపయోగించిన భ్రమణయంత్రమును 1852లో చేసియిచ్చినవాడాయనయే. అట్టి గురువు చెంత ఇత్తడిని కోయుట, మరలు తీయుట, గాజును అతుకుట, తీగను చుట్టుట మొదలగు పనులన్నియు బాలుడు నేర్చెను. శాస్త్రపరికరమున వెండ్రుకవాసి తేడాయైనను ఫలితమును తారుమారు చేయును. అందుచేత ఆ పనిలో శ్రద్ధ యొక గుణము మాత్రమే కాదు, అదియే జీవనాధారము.

1864లో, ఇరువదియేండ్లు నిండుచుండగా, డ్యుక్రెటే స్వంత కర్మశాలను స్థాపించెను. అది పారిస్ నగరమున కళాశాలలును విద్యాపీఠములును దట్టముగా నుండు భాగమున, ఉర్సులిన్ వీధిలో నుండెను. పిమ్మట సమీపముననే యున్న క్లోద్ బెర్నార్ వీధికి మారెను. ఆచార్యులును పరిశోధకులును తమ ఆలోచనలను కాగితములపై గీసికొని ఆయన యొద్దకు వచ్చుచుండిరి. ఆయన వాటిని ఇత్తడితోను గాజుతోను నిజము చేయుచుండెను. 1877లో కైయెతే అను శాస్త్రజ్ఞుడు ఆక్సిజను వాయువును ద్రవరూపమునకు తెచ్చి ప్రఖ్యాతుడాయెను. అట్టి ప్రయోగమును ఇతరులు తమ తమ విద్యాశాలలలో చేసి చూచుటకు కావలసిన యంత్రములను డ్యుక్రెటే కర్మశాల నిర్మించి విక్రయించెను. గాలితోడు యంత్రములు, విద్యుద్యంత్రములు, తీగచుట్టలు మున్నగు నానావిధ సాధనముల పట్టికలను అచ్చువేయించి ఆయన దేశదేశములకు పంపెను. ఆయన పేరు చెక్కబడిన పరికరములు నేటికిని అనేకదేశముల మ్యూజియములలో భద్రపరుపబడియున్నవి. మొత్తముమీద ముప్పదియేండ్లకు పైగా ఆయన బ్రతుకు ఇతరుల పాఠములకు సాధనములు సమకూర్చుటలో గడచెను.

ఇంతలో శాస్త్రలోకమున నొక క్రొత్త వింత బయలుదేరెను. విద్యుత్తును అయస్కాంతశక్తియు కలిసి తరంగములై శూన్యమునందును పయనింపగలవని బ్రిటిషు శాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ గణితముచే నిరూపించియుండెను. 1887, 1888 సంవత్సరములలో జర్మనీదేశీయుడగు హెర్ట్‌జ్ ఆ తరంగములను ప్రయోగశాలలో పుట్టించి చూపెను. 1890లో పారిస్ నగరమున ఆచార్యుడు ఎదువార్ బ్రాన్లీ యొక చిన్న గాజుగొట్టముతో ఆ తరంగముల రాకను తెలిసికొను మార్గమును కనుగొనెను. మన దేశమున కలకత్తాలో జగదీశచంద్ర వసువు ఆ దశకమునందే తీగలు లేకుండ దూరమునుండి గంట మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపరులను దిగ్భ్రాంతులను చేసెను. రష్యాలో పోపోవ్ 1895లో మెరుపుల రాకను తెలుపు యంత్రమును ప్రదర్శించెను. ఇటలీదేశపు యువకుడు మార్కొనీ 1896లో ఇంగ్లండుకు వచ్చి తన పద్ధతికి పేటెంటుహక్కును కోరెను.

ఈ యంత్రము పనిచేయు తీరును కొంత తెలిసికొందము. వార్తను పంపుచోట నొక పెద్ద తీగచుట్ట యుండును. మీట నొక్కినప్పుడు దానివలన రెండు గుండ్ల నడుమ రవ్వలు లేచును. ఆ రవ్వలచే పుట్టిన తరంగములు ఎత్తుగా కట్టిన తీగనుండి నలుదెసలకు వ్యాపించును. వార్తను గ్రహించుచోట బ్రాన్లీ గొట్టముండును. అందులో ఆకురాయితో రాచిన లోహపుపొడి యుండును. మామూలుగా ఆ పొడి విద్యుత్తును పోనీయదు. తరంగము తగిలినంతనే రేణువులు ఒకదానినొకటి అంటుకొని విద్యుత్తుకు దారి యిచ్చును. అప్పుడొక చిన్న సుత్తి కదలి గొట్టమును తట్టును. పొడి మరల విడిపోయి తరువాతి తరంగమునకు సిద్ధమగును. ఆ సుత్తి మరేదియో కాదు, మన బడిలోని విద్యుద్ఘంటను మ్రోగించు సుత్తివంటిదే. మీటను కొంచెము సేపు నొక్కిన చుక్క, ఎక్కువసేపు నొక్కిన గీత కాగితముపై పడును. చుక్కలను గీతలను కూర్చి తంతి ఉద్యోగులు అక్షరములుగా చదువుచుండిరి.

చెప్పుటకిది సులభము. చేయుట మాత్రము మిక్కిలి కష్టము. పొడి మరీ మెత్తనైనను, మరీ గరుకైనను పనిచేయదు. తేమ తగిలిన చెడును. సుత్తి గట్టిగా తట్టినను, మెల్లగా తట్టినను వార్త తప్పిపోవును. ఆచార్యుని బల్లపై ఒక సాయంకాలము చక్కగా పనిచేసిన యంత్రము మరునాడు మరియొకరి చేతిలో మూగపోవుచుండెను. తరంగములున్నవని లోకము నమ్మెను. కాని వాటిని నమ్మి యొక ఓడను సముద్రముమీదికి పంపగలమా యనునదే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు గణితమున లేదు. పనివాని చేతిలో నున్నది.

1897 నాటికి డ్యుక్రెటేకు వయస్సు ఏబదిమూడు. ఆ వయస్సున ఆయన ఈ క్రొత్త విద్యను చేపట్టి, వార్తను పంపు యంత్రమును, గ్రహించు యంత్రమును తన కర్మశాలలో నిర్మించుట కారంభించెను. 1898లో పోపోవ్‌తో ఆయనకు ఉత్తర ప్రత్యుత్తరములు మొదలాయెను. ఇరువురును భిన్నభాషలవారు, భిన్నదేశములవారు. ఒకడు రష్యా నౌకాదళపు విద్యాలయమున బోధకుడు. ఒకడు పారిస్ వీధిలో కార్ఖానాదారుడు. ఐనను పోపోవ్ తలపెట్టినదానిని డ్యుక్రెటే నిర్మించుటయు, డ్యుక్రెటే నిర్మించినదానిని పోపోవ్ పరీక్షించుటయు కొన్ని సంవత్సరములు సాగెను. ఆ యంత్రములకు పోపోవ్-డ్యుక్రెటే యంత్రములనియే పేరు వచ్చెను.

ఆ 1898వ సంవత్సరమే ఆయన జీవితమున చిరస్మరణీయమైనది. పారిస్ నగరమున 1889లో నిర్మింపబడిన ఈఫెల్ గోపురము మూడువందల మీటర్ల యెత్తున నిలిచియుండెను. దాని కట్టడము ఆరంభమైన దినములలోనే అది నగరమునకు వికారము తెచ్చునని కళాకారులు పెక్కుమంది నిరసించియుండిరి. ఇరువదేండ్ల గడువు ముగిసిన పిమ్మట దానిని తీసివేయవచ్చునని నిబంధన యుండెను. గోపురము శాస్త్రమునకు ఉపయోగపడినచో నిలుచునని దాని నిర్మాత గుస్తావ్ ఈఫెల్ ఆశించి, పరిశోధకులకు దాని తలుపులు తెరచియుంచెను. డ్యుక్రెటే ఆ యెత్తును చూచెను. వార్త పంపు యంత్రమును గోపురముపైనను, గ్రహించు యంత్రమును నగరమునకు ఆవలి భాగముననున్న పాంథియాన్ మందిరమునను అమర్చెను. పాంథియాన్ ఆయన కర్మశాలకు సమీపముననే యున్నది. 1851లో ఫూకో తన సుప్రసిద్ధమైన లోలకమును వ్రేలాడదీసి భూభ్రమణమును పారిస్ ప్రజలకు చూపినదియు ఆ మందిరముననే.

రెండింటి నడుమ దూరము నాలుగు కిలోమీటర్లు. ఆ నడుమ ఇండ్లు, మేడలు, చర్చీల శిఖరములు కిక్కిరిసియున్నవి. ఎర్నెస్ట్ రోజే అను సహాయకుడు ఆయనకు తోడుగా పనిచేసెను. 1898 నవంబరు 5వ తేదీన గోపురమునుండి పంపబడిన సంకేతములు పాంథియానులో స్పష్టముగా అందెను. మంచు కమ్మినను సంకేతములు నిలిచిపోలేదు. కంటికి కనబడు దీపసంకేతములను మంచు అడ్డగించును. కంటికి కనబడని తరంగములను అడ్డగింపలేదు. రెండుదినముల పిమ్మట, నవంబరు 7వ తేదీన, ఈ ప్రయోగవృత్తాంతము ఫ్రెంచి విజ్ఞానపరిషత్తునకు నివేదింపబడెను. కళాశాల పట్టముచే గాక చేతిపనిచే ఎదిగినవాని కృషి దేశమున ఎల్లరికంటె గొప్పవారగు పండితుల సభలో వినబడెను.

నాలుగు కిలోమీటర్లా, యింతేనా యని మీరు నవ్వవచ్చును. సూర్యాపేట నుండి సైకిలుపై పోయినను ఆ దూరము క్షణములలో దాటుదురు గదా! కాని తరువాతి రెండేండ్లలో ఏమి జరిగెనో వినుడు. 1899 మార్చిలో మార్కొనీ ఇంగ్లీషు కాలువకు ఆవలినుండి ఈవలికి తీగలేని తంతిని పంపెను. అది ఇంచుమించు మన సూర్యాపేటకును కోదాడకును గల దూరము. అదే సంవత్సరము నవంబరులో రష్యా యుద్ధనౌక అప్రాక్సిన్, ఫిన్లండు సింధుశాఖలోని గోగ్లండు దీవియొద్ద బండలపై చిక్కుకొనెను. సముద్రము గడ్డకట్టియుండుటచే తీగవేయుట సాధ్యము కాలేదు. పోపోవ్ పద్ధతిని అనుసరించి దీవికిని తీరమునందలి కోట్కా పట్టణమునకును తీగలేని తంతి యేర్పరుపబడెను. అదియును రమారమి సూర్యాపేట-కోదాడల దూరమే. 1900 ఫిబ్రవరిలో ఆ మార్గమున వచ్చిన వార్తలలో నొకటి, మంచుపలకపై సముద్రములోనికి కొట్టుకొనిపోయిన జాలరులను గూర్చినది. వార్త అందినంతనే యెర్మాక్ అను మంచును చీల్చు ఓడ బయలుదేరి వారిని రక్షించెను.

లోహపుపొడియు చిన్న సుత్తియు మనుష్యుల ప్రాణములు కాపాడగలవని అప్పుడు లోకమునకు తెలిసెను. రష్యా నౌకాదళము తన ఓడలకు కావలసిన పోపోవ్ పద్ధతి యంత్రములను డ్యుక్రెటే కర్మశాల నుండి తెప్పించుకొనెను. సంకేతములను కాగితముపై చదువుటకు బదులు టెలిఫోనును చెవి కానించుకొని వినెడి గ్రాహకయంత్రమును పోపోవ్ కనుగొనగా, దానిని నిర్మించి అమ్మినదియు ఈ కర్మశాలయే.

డ్యుక్రెటేను అన్నిటను విజయము పొందిన వీరునిగా వర్ణించుట సత్యము కాదు. మార్కొనీ 1897లోనే పెద్ద కంపెనీని స్థాపించెను. ఆ కంపెనీ యంత్రములను అమ్ముటతో తృప్తిపడక, తీరములందు స్టేషనులు కట్టి, ఓడలలో తన ఉద్యోగులనే నియమించి, లోకమంతటను వ్యాపించెను. 1901లో మార్కొనీ అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవల సంకేతమును అందుకొన్నట్లు ప్రకటించెను. డ్యుక్రెటేది కర్మశాల, సామ్రాజ్యము కాదు. అడిగినవారికి మంచి పరికరమును చేసియిచ్చుటయే ఆయన యెరిగిన వ్యాపారము. ఈఫెల్ గోపురముపై స్థిరమైన స్టేషనును నెలకొల్పు గౌరవము గూడ ఆయనకు గాక, 1903 మొదలు సైన్యోద్యోగి గుస్తావ్ ఫెర్యేకు దక్కెను. పిమ్మట ఫ్రెంచి రేడియో పరిశ్రమ పెద్ద పెట్టుబడులతో పెరిగెను. ఎమిల్ జిరార్దో అను ఇంజనీరు 1910లో స్థాపించిన కంపెనీ వానిలో ముఖ్యమైనది.

ఐనను ఆయన నాటిన విత్తనము వ్యర్థము కాలేదు. ఈఫెల్ గోపురపు గడువు 1909తో ముగియవలసియుండెను. అప్పటికి ఆ గోపురము తీగలేని తంతికి ఆయువుపట్టు ఐయుండుటచే, దానిని పడగొట్టు ఆలోచన విరమింపబడి, 1910లో గడువు డెబ్బది యేండ్లకు పొడిగింపబడెను. ఆ సంవత్సరముననే గోపురమునుండి నౌకలకు కాలసూచకములు పంపుట ఆరంభమాయెను. 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు జర్మను సేనల రహస్యవార్తలను ఆ గోపురముపైనుండి వినగలుగుట, మార్న్ నదీతీర యుద్ధమున ఫ్రెంచివారికి తోడ్పడెను. నేడు లక్షలకొలది యాత్రికులు చూచి మురియు గోపురము నిలిచియుండుటకు గల కారణములలో, 1898లో నొక పనివాడు దానికి కట్టిన తీగ యొకటి.

డ్యుక్రెటే 1908లో కర్మశాలను తన కుమారుడు ఫెర్నాన్‌కును, సహాయకుడు రోజేకును అప్పగించి విశ్రమించెను. 1915లో, యుద్ధము జరుగుచుండగనే, మరణించెను. సంగీతమును ప్రసంగములను ఇంటింట వినిపించు రేడియోను చూచుటకు ఆయన బ్రతికియుండలేదు. ఈఫెల్ గోపురమునుండి అట్టి ప్రసారములు 1921, 1922 సంవత్సరములలో ఆరంభమాయెను. ఆయన కర్మశాల అప్పుడు ఇండ్లలో నుంచుకొను రేడియోపెట్టెలను చేయసాగెను. తరువాత థామ్సన్ కంపెనీతో కలిసి డ్యుక్రెటే-థామ్సన్ అను పేరు రేడియోపెట్టెలపైనను గ్రామఫోను రికార్డులపైనను చాలకాలము కనబడెను.

ఆ తరంగములు మన సీమకును వచ్చినవి. 1924లో మద్రాసున రేడియో క్లబ్బు వెలసెను. హైదరాబాదున 1935లో నిజాం ప్రభుత్వము రేడియో కేంద్రమును తన వశము చేసికొని నడపెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమాయెను. హైదరాబాదునకును విజయవాడకును నడుమనున్న మన యూళ్లలో పెద్దలు పంటలమాటలు, పాటలు, వార్తలు వినుచు పెరిగిరి. నేడు మీ చేతులలో సెల్‌ఫోనులున్నవి. సూర్యాపేట నుండి కోదాడకు పోవు రహదారి ప్రక్కన నిలిచిన ఇనుపస్తంభములు, ఆనాడు ఈఫెల్ గోపురము చేసిన పనినే చేయుచున్నవి.

చివర నా స్వంతమాట యొకటి చెప్పెదను. ఉపాధ్యాయ శిక్షణము ముగించి నేను మొదట పనిచేసిన చోట, ప్రయోగశాలలోని విద్యుద్ఘంట చాలకాలముగా మూగపోయి యుండెను. తొమ్మిదవ తరగతి బాలుడొకడు మధ్యాహ్నపు విరామమున దానిని విప్పి, నల్లబడిన ములికిని గరుకుకాగితముతో రుద్ది, మరల బిగించి మ్రోగించెను. అనుమతి లేకుండ పరికరమును ముట్టినందుకు నేను వానిని తరగతి యెదుట నిలబెట్టి మందలించితిని. గంట మ్రోగినదను సంగతి నా నోట రాలేదు. ఆ బాలుడు లెక్కలలో తప్పి, కొంతకాలమునకు చదువు మానుకొనెను. పెక్కేండ్లు గడచిన తరువాత మా యింటి బోరుమోటారు కాలిపోగా, మిర్యాలగూడలో మోటారు వైండింగు చేయు దుకాణమునకు తీసికొనిపోయితిని. అక్కడ రాగితీగ చుట్టుచున్నవాడు ఆ బాలుడే. వాడు నన్ను గుర్తించి నమస్కరించి, మోటారు ఎందుకు కాలినదో, మరల కాలకుండ ఏమి చేయవలెనో ఓపికతో బోధించెను. ఆనాడు విద్యార్థిని నేను, ఉపాధ్యాయుడు వాడు. ఆనాటి గంటను గూర్చి నేను క్షమాపణ చెప్పగా వాడు నవ్వి, అది తనకు జ్ఞాపకమే లేదనెను. నాకు మాత్రము ఉన్నది.

డ్యుక్రెటే చరిత్రము చదివినప్పుడెల్ల ఆ గంట నా చెవిలో మ్రోగును. చేతిపనిని చదువుకు తక్కువగా నెంచువారు మన యిండ్లలో నున్నారు, మా యుపాధ్యాయులలోను ఉన్నారు. సూత్రమును కనుగొనిన బుద్ధిని గౌరవింతము, అది న్యాయమే. కాని ఆ సూత్రము మంచుసముద్రమున జాలరులను బ్రతికింపవలెనన్న, దానిని తప్పు లేకుండ మరల మరల పనిచేయునట్లు చేయు చేతులును కావలెను. బుద్ధియు చేయియు ఒకే దేహమునకు చెందినవి. వానిని వేరుచేసినది మన గర్వమే.

విద్యార్థులారా! ఈసారి ప్రయోగశాలకు వచ్చినప్పుడు పరికరమును త్రిప్పి దాని యడుగు చూడుడు. ఎక్కడనో చిన్న రేకుపై దానిని చేసినవారి పేరుండును. దానిని చదువుడు. పనిచేయని పరికరము కనబడినచో నాతో చెప్పి, నా యెదుటనే విప్పుడు. నేను మందలింపను.